స్కిన్ పోస్టింగ్: పుస్తకంలో ఎర్రమచ్చ, ఓపీలో నల్లమచ్చ. ఎలా గుర్తుపట్టాలి?

మూడోఏడు_ఎంబీబీఎస్:
అందరికీ నమస్తే. స్కిన్ పోస్టింగ్ (చర్మవిభాగంలో శిక్షణ) నడుస్తోంది, వచ్చేవారం ఎండ్ పోస్టింగ్ వైవా (నోటి పరీక్ష). పుస్తకంలో సోరియాసిస్, లైకెన్ ప్లేనస్ అనే చర్మవ్యాధుల్లో మొదటిది ఎర్రగా, రెండోది ఊదాగా ఉంటాయి. బొమ్మలన్నీ తెల్లవాళ్ల చర్మం మీదే. మా ఓపీలో అన్నీ గోధుమరంగో, నలుపో, బూడిదో. సార్ ఒక్క చూపులో చెప్పేసి మందు రాసేస్తారు, ఎలా అని అడిగేలోపు ఇంకో నలుగురు లోపలికొస్తారు. తెల్లమచ్చలైతే మరీ తలనొప్పి: శోభి ఏది, బొల్లి ఏది, కుష్టు ఏది? ఇక గోళ్ల సంగతి చెప్పక్కర్లేదు. సీనియర్లు ఎవరైనా తాము చూసే పద్ధతి చెప్పరా? అట్లాస్ పేర్లు వద్దు, మూడున్నాయి నా దగ్గర.

ఏరియాఆస్పత్రి_డెర్మా:
తమ్ముడూ, ముందు రంగును పక్కన పెట్టు. మన చర్మం మీద వాపు ఎర్రగా కనపడితే అదృష్టమే. చాలామందిలో ముదురు గోధుమగానో, ఊదాగానో ఉంటుంది. జబ్బు తగ్గాక కూడా నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. పేషెంట్ "ఇంకా తగ్గలేదు డాక్టరమ్మా" అంటూ చూపించేది చాలాసార్లు ఆ మిగిలిన నలుపే. నేను మొదట అంచు చూస్తాను, తర్వాత పొట్టు, తర్వాత చేత్తో తడిమి, చివరికి ఒంటిమీద ఇంకా ఎక్కడెక్కడుందో చూస్తాను. రంగు గురించి ఆలోచించేది ఆ తర్వాతే.

తామర అంచు కాస్త ఉబ్బి, చిన్న పొక్కులతో, పొట్టుతో చురుగ్గా ఉంటుంది. మధ్యలో చల్లబడినట్టు ఉంటుంది. నడుము, గజ్జలు, పిరుదుల కింద ఎక్కువ. ఇది పుస్తకం చెప్పే తామర. ఓపీకి వచ్చే తామర వేరు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబులో క్లోబెటాసాల్ (గాఢమైన స్టెరాయిడ్), యాంటీఫంగల్, యాంటీబయాటిక్ అన్నీ కలిపి ఉంటాయి. రాసిన నాలుగు రోజులకు దురద పోతుంది, మానేయగానే రెట్టింపై వస్తుంది. అంచు చెరిగిపోతుంది, వలయంలో వలయం పడుతుంది, గజ్జల్లో చర్మం పలచబడి చారలు తేలతాయి. అందుకని "ఏమైనా రాశారా?" అని అడగొద్దు, "ఏమీ లేదండీ" అంటారు. "ఏ ట్యూబు రాశారో చూపించండి" అను. సంచీలోంచి నలిగిన ట్యూబు బయటికొస్తుంది. నా లెక్కలో సగం డయాగ్నోసిస్ ఆ ట్యూబు మీదే ఉంటుంది.

సోరియాసిస్‌లో పొట్టు అంచున మాత్రమే కాదు, మచ్చంతా పరుచుకుని ఉంటుంది. గాజు స్లైడు అంచుతో మెల్లగా గీకితే కొవ్వొత్తి మైనంలా తెల్లగా రాలుతుంది, ఇంకాస్త గీకితే సూదిమొనంత రక్తపు చుక్కలు తేలతాయి. వెంటనే తల, మోచేతులు, చెవుల వెనక, బొడ్డు, గోళ్లు చూడు. పేషెంట్ చూపించిన చోటే చూసి వదిలేసేవాడికి సోరియాసిస్ దొరకదు. లైకెన్ ప్లేనస్‌కి టార్చి పక్కనుంచి వేసి మణికట్టు లోపలివైపు చూడు. పైభాగం చదునుగా, మెరుస్తూ ఉంటుంది. నోరు తెరిపించు, బుగ్గ లోపల తెల్లటి వల కనిపిస్తే వైవాలో ధైర్యంగా చెప్పొచ్చు.

శోభి, బొల్లి సంగతి కూడా చెప్తాను. శోభి ఛాతీ, వీపు, మెడ మీద ఎక్కువ. మచ్చ మీద గోటితో గీస్తే సన్నటి పొడిలాంటి పొట్టు లేస్తుంది. బొల్లిలో పొట్టు ఉండదు, స్పర్శ బాగానే ఉంటుంది, రంగు పూర్తిగా పోతుంది. పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో చూడు, మచ్చ మీద వెంట్రుకలు నెరిశాయేమో కూడా. పిల్లల బుగ్గల మీద మసకమసకగా ఉండే లేత మచ్చలు చాలావరకు పిటిరియాసిస్ ఆల్బా. పొట్టలో పురుగులని వాళ్ల అమ్మమ్మ అప్పటికే మందు పట్టించి ఉంటుంది, వాదించకు.

రిటైర్డ్_పీఎంవో:
కుష్టు సంగతి నేను చెబుతాను బాబూ, పారామెడికల్ ఆఫీసరుగా సర్వీసంతా అదే పని. మచ్చ లేతరంగులో ఉంటుందిగానీ పూర్తి తెలుపు కాదు. చాలాసార్లు పొడిగా, వెంట్రుకలు రాలి, చెమట పట్టకుండా ఉంటుంది. ముందు కళ్లు తెరిచి ఉండగా దూదిపోగుతో మంచి చర్మం మీద తాకి చూపించు, తర్వాత కళ్లు మూయించు. తాకాలి, రుద్దకూడదు. "తెలుస్తోందా?" అని మాత్రం అడగొద్దు, నువ్వు ముట్టుకోకపోయినా "ఆఁ, తెలుస్తోంది" అంటారు. ఎక్కడ తగిలిందో వేలితో చూపించమను. ముఖం మీది మచ్చలో స్పర్శ మిగిలి ఉండొచ్చు, అంతమాత్రాన కుష్టు కాదనుకోవద్దు.

ఆ తర్వాత నరాలు. మోచేయి కాస్త వంచి లోపలివైపు ఎముక వెనక ఉల్నార్ నరం, మోకాలి కింద బయటివైపు పెరోనియల్ నరం, మెడ పక్కకి తిప్పించి గ్రేట్ ఆరిక్యులర్ నరం. లావెక్కాయేమో రెండు వైపులా పోల్చు. నొక్కేటప్పుడు నీ చూపు పేషెంట్ ముఖం మీద ఉండాలి. మచ్చలు 5 దాకా అయితే పీబీ (క్రిములు తక్కువున్న రకం), దాటితే ఎంబీ (క్రిములు ఎక్కువున్న రకం). మచ్చలు తక్కువున్నా స్మియర్ (చర్మంలో క్రిములు వెతికే పరీక్ష) పాజిటివ్ వస్తే ఎంబీయే. 2005లో మన దేశంలో కుష్టు నిర్మూలన అయిందిగా అని మీ బ్యాచ్ వాళ్లు అంటుంటారు. పదివేలమందికి ఒక కేసు కంటే తగ్గిందనే దానర్థం, కేసులు లేవని కాదు.

మైక్రో_ల్యాబ్:
కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి ఫంగస్ వెతికే పరీక్ష) కోసం పొట్టు పంపేటప్పుడు మచ్చ మధ్యలోంచి గీకకండి, అంచు నుంచి గీకండి. క్రీము రాసుకుని వచ్చినవాళ్ల శాంపిల్ పంపి నెగటివ్ వచ్చిందని మా మీద పడొద్దు. చర్మానికి 10 శాతం ద్రావణం, పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. గోరైతే ద్రావణం గాఢంగా ఉండాలి, గంటలు పడుతుంది, కొన్నిసార్లు రాత్రంతా. గోరు చివర కత్తిరించి పడేసి, దాని కింద పేరుకున్న పొడి తీసి పంపండి. మైక్రోస్కోపులో మీరే చూస్తే దాని కండెన్సర్ (కింద కాంతిని కూడగట్టే కటకం) కాస్త కిందికి దించండి, లేకపోతే ఫంగస్ దారాలు కళ్ల ముందున్నా కనపడవు.

మూడోఏడు_ఎంబీబీఎస్:
అందరికీ థాంక్స్, ముఖ్యంగా పీఎంవో గారికి. అక్కా, గోళ్లు మిగిలిపోయాయి. ఇంకోటి, మా వార్డులో ఆడవాళ్లలో సగం మందికి గోరింటాకు. రక్తం తక్కువై గోళ్లు పాలిపోయాయో లేదో ఎలా చూడాలి?

ఏరియాఆస్పత్రి_డెర్మా:
గోరింటాకు ఉంటే గోటిని వదిలెయ్, కింది కనురెప్ప, నాలుక చూడు. ఆషాఢం వెళ్లాక కొన్నాళ్లదాకా ఇదే పరిస్థితి. కానీ దాన్నుంచి ఒక లాభం ఉంది. చేతి గోరు నెలకు దాదాపు 3 మి.మీ. పెరుగుతుంది. ఎరుపు ఎంత ముందుకు జరిగిందో కొలిస్తే ఎప్పుడు పెట్టుకుందో చెప్పొచ్చు. బో గీతలకూ ఇదే లెక్క. అన్ని గోళ్ల మీదా ఒకే ఎత్తులో అడ్డంగా గాడి ఉండి, మొదలు నుంచి 6 మి.మీ. దూరంలో ఉంటే, సుమారు రెండు నెలల కింద ఏం జ్వరం వచ్చిందని అడుగు. 1846లో బో అనే ఫ్రెంచి డాక్టర్ రాసిన సంగతి ఇది.

మిగతావాటికి ఎన్ని గోళ్లకు ఉందో ముందు చూసుకో. అన్నిటికీ ఉంటే ఒంట్లో కారణం వెతుకు: చెంచాలా గుంటపడితే ఐరన్ లోపం, చూపుడువేళ్ల గోళ్లు వీపు వీపు ఆనించినప్పుడు మధ్యలో సందు కనపడకపోతే క్లబ్బింగ్ (వేలి చివర ఉబ్బడం). ఒకటి రెండింటికే ఉంటే ఫంగస్, దెబ్బ, గోరుచుట్టు లాంటివి ముందు ఆలోచించు. గోటి మీద చిన్నచిన్న గుంటలు లోతుగా, చెదురుమదురుగా ఉంటే సోరియాసిస్. సన్నగా, వరుసగా ఉంటే తలలో పేనుకొరుకుడు ఉందేమో చూడు. ఫంగస్ ఎక్కువగా కాలిగోళ్లకే, చివరి నుంచి మొదలవుతుంది, కాబట్టి చెప్పులు విప్పించి వేళ్ల సందులు కూడా చూడు. గోరుచుట్టు అనుకున్న చోట గుంపుగా నీటిపొక్కులుంటే కత్తి తీయకు, అది హెర్పిస్ అనే వైరస్ జబ్బు కావచ్చు.

గంటలవాయిద్యం:
అక్కా, గోటి మీద నిలువు నల్లగీత ఉంటే మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) అని భయపెడుతున్నారు మా వాళ్లు. నాకే రెండు వేళ్లకున్నాయి!

ఏరియాఆస్పత్రి_డెర్మా:
టెన్షన్ పడకు. మన రంగువాళ్లలో నాలుగైదు వేళ్లకు సన్నటి గీతలు ఉండటం మామూలే. పెద్దవయసులో ఒక్క గోటికే, అందులోనూ బొటనవేలికి, కొత్తగా వచ్చి వెడల్పవుతుంటే, నలుపు గోరు దాటి పక్క చర్మం మీదికి పాకితే, ఆ రోజే బయాప్సీ చేసే చోటికి పంపాలి. నీవి ఎన్నేళ్ల నుంచి ఉన్నాయో చెప్పు, వెలుతురులో ఫోటో పెట్టు.