ఎలక్ట్రోస్టాటిక్ ముద్రణ పేటెంటు అప్పీలులో కొత్త పరీక్షా ఫలితాలను స్వీకరిస్తారా?

నమస్కారం. ద్రవ టోనరుతో ప్లాస్టిక్ ఫిల్మ్‌పై ముద్రించే పద్ధతికి మేము వేసిన యూరోపియన్ పేటెంటు దరఖాస్తు, అందులో ఇన్వెంటివ్ స్టెప్ (ఆ రంగంలోని నిపుణుడికి సులువుగా తట్టని కొత్తదనం) లేదన్న కారణంతో తిరస్కరణకు గురైంది. అప్పీలు నోటీసును రుసుముతో సహా 2 నెలల గడువులోనే దాఖలు చేశాము. నిర్ణయం అందిన నాటి నుంచి 4 నెలల్లోగా అప్పీలు కారణాలను కూడా సమర్పించాలి.

ఫొటోకండక్టరు (వెలుతురు పడితే విద్యుత్తును ప్రసరింపజేసే ఉపరితలం)పై విద్యుదావేశంతో ఏర్పడిన బొమ్మను వేడి బ్లాంకెట్ (బొమ్మను ఫిల్మ్‌కు చేరవేసే మధ్యంతర పొర) మీదుగా ఫిల్మ్‌కు ఎక్కించే ముందు, రెసిన్‌లో క్రాస్‌లింకర్ (రెసిన్ అణువులను ఒకదానితో ఒకటి బంధించే పదార్థం) కలిపిన ప్రైమరును, అంటే తొలిపూతను, ఫిల్మ్‌పై పూయడమే మా పద్ధతిలోని కీలకం. మాకు అడ్డుగా చూపిన పాత పత్రంలో ప్రైమర్ ఉంది గానీ క్రాస్‌లింకర్ లేదు. ముద్రణపై టేపు అంటించి లాగితే పాత నమూనాలో సిరా పొరలుగా టేపుతోపాటే ఊడివస్తుంది, మా నమూనాలో సన్నని అక్షరం కూడా చెక్కుచెదరదు. మౌఖిక విచారణలో తొలిసారి చర్చకు వచ్చిన అంశానికి జవాబుగా చేసిన ఈ పోలిక పరీక్ష, నిర్ణయం వెలువడ్డాకే పూర్తయింది.

కింది దశలోనే ఇవ్వాల్సిన సాక్ష్యాన్ని, అప్పీలు కేసు పరిస్థితులు సమర్థిస్తే తప్ప, అప్పీలు బోర్డు స్వీకరించదని ఆ బోర్డుల విధాన నియమాల్లోని 12వ అధికరణం చెబుతోంది. మా పరిస్థితి ఆ మినహాయింపు కిందికి వస్తుందా? సిరా గట్టిగా అంటుకుంటుందని తొలి దరఖాస్తులోనే రాశాము కనుక, జీ 2/21 నిర్ణయం (దరఖాస్తు తర్వాత ఇచ్చే సాక్ష్యంపై యూరోపియన్ పేటెంటు కార్యాలయపు విస్తృత అప్పీలు బోర్డు ఇచ్చినది) మాకు అనుకూలిస్తుందనే నా అభిప్రాయం. క్రాస్‌లింకర్ మోతాదును కుదించిన సహాయక అభ్యర్థనను (ప్రధాన అభ్యర్థన నెగ్గకపోతే పరిశీలించమని కోరే ప్రత్యామ్నాయాన్ని) కూడా ఇప్పుడే జతచేయాలా? ఇలాంటి అప్పీళ్లు నడిపిన అనుభవజ్ఞులు దయచేసి సలహా ఇవ్వగలరు.