హెడ్‌ఫోన్‌లో వీణ రెండుసార్లు వినిపిస్తోంది, రికార్డయ్యాక తాళానికి వెనకబడుతోంది

వీణగది:
అందరికీ నమస్తే. మా అక్క వీణ వాయిస్తుంది, నేను ఇంట్లోనే రికార్డు చేసి పెడుతుంటాను. సెటప్ పెద్దదేం కాదు. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), ఒక కండెన్సర్ మైకు, సాఫ్ట్‌వేర్ రీపర్. ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన ఆసియో డ్రైవరే (శబ్దం తక్కువ ఆలస్యంతో పోయిరావడానికి వాడేది) వాడుతున్నా, 44100 హెర్ట్జ్ (సెకనుకి తీసే శబ్దపు కొలతలు, అంటే శాంపిళ్లు), బఫర్ (ఒక్కో విడతకి పోగుచేసే శాంపిళ్లు) 1024. తెలిసిన మృదంగం ఆయన ఆది తాళంలో ట్రాక్ వాయించి పంపారు, దాన్ని హెడ్‌ఫోన్‌లో వింటూ అక్క వాయించాలి.

మీటిన ప్రతిసారీ ఎదురుగా వీణలోంచి ఒకసారి, హెడ్‌ఫోన్‌లో ఇంకోసారి వినిపిస్తోందట. చిటికెన వేలితో తాళం తీగలు మీటినప్పుడైతే మరీ దారుణం. బఫర్ 64కి దించితే పటపటమని చప్పుళ్లు. ఇదంతా ఓర్చుకుని వాయించినా, తర్వాత పెట్టి వింటే వీణ మృదంగం కంటే ఒక పిసరు వెనకే ఉంటోంది. పదిహేనేళ్లుగా వాయిస్తున్నా, ఇప్పుడు లయ పోయిందా అని అక్క ఒకటే బాధ. కొత్త ల్యాప్‌టాప్ కొనాల్సిందేనా?

పాతమిక్సర్:
ల్యాప్‌టాప్ జోలికి పోకు తమ్ముడూ, డబ్బు దండగ. నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు రోగాలు, ఒకే మందు వేయాలని చూస్తున్నావు. వాయించేటప్పుడు ఆలస్యంగా వినిపించడం ఒకటి, ఫైలులో ఆలస్యంగా పడటం ఇంకొకటి. నేను మొదటిది చెప్తాను.

1024ని 44100తో భాగిస్తే 23 మిల్లీసెకన్లు. లోపలికి వచ్చేటప్పుడు ఒక బఫర్, బయటికి పోయేటప్పుడు ఇంకో బఫర్, అంటే 46. దాని మీద డ్రైవర్, కన్వర్టర్లు తినేది అదనం. శబ్దం మీటరు దూరం రావడానికి మూడు మిల్లీసెకన్ల దాకా పడుతుంది. కచ్చేరీలో మృదంగం ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి ఎవరికీ ఏ తేడా తెలియదు, మీ అక్కకేమో తన వీణే పదహారు మీటర్ల అవతల మోగినట్టు వినిపిస్తోంది. ఎంత లయజ్ఞానం ఉన్నా తడబడక ఏం చేస్తారు!

రీపర్‌లో ఆ ట్రాక్ మీద ఎర్ర రికార్డు బటన్ పక్కన స్పీకర్ బొమ్మ ఉంటుంది, అది ఆపెయ్. రికార్డింగ్ మామూలుగానే అవుతుంది, తన వీణ మాత్రం కంప్యూటర్లో తిరిగి వెనక్కి రాదు. హెడ్‌ఫోన్‌లో వీణ కావాల్సిందే అంటే ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ స్విచ్ ఉందేమో చూడు. అది మైకు శబ్దాన్ని కంప్యూటర్ చుట్టూ తిరిగొచ్చేదాకా ఆగకుండా నేరుగా చెవికి ఇస్తుంది. కానీ వీణకి అదీ అక్కర్లేదనుకుంటా, ఒక చెవి బయటపెట్టి వాయించమను చాలు. బయటికి తీసిన కప్పు మాత్రం తలకి ఆనించి ఉంచాలి, లేకపోతే అందులోంచి మృదంగం కారి మైకులో పడుతుంది. ఇలా చేస్తే బఫర్ 1024లోనే ఉన్నా నష్టం లేదు, పటపటలూ ఉండవు.

కీబోర్డువాడు:
అన్న చెప్పింది వీణకి, గొంతుకి కరెక్టే, నాలాంటి వాళ్లకి డైరెక్ట్ మానిటర్ ఎందుకూ పనికిరాదు, కీ నొక్కితే వచ్చే పియానో శబ్దం పుట్టేదే కంప్యూటర్లో కాబట్టి. మేము బఫర్ తగ్గించక తప్పదు. నేను 48000లో 128 పెడతాను, అంటే ఒక్కో వైపు 2.7 మిల్లీసెకన్లు. అంత తక్కువలో ల్యాప్‌టాప్ నిలబడాలంటే పాత ట్రాకులన్నీ ఫ్రీజ్ చేస్తాను (ఎఫెక్టులతో సహా మామూలు ఆడియోగా మార్చేస్తాను), చార్జర్ పెట్టి పవర్ సెట్టింగ్ హై పెర్ఫార్మెన్స్‌లో ఉంచుతాను, వైఫై ఆపేస్తాను. వైఫై డ్రైవర్ వల్ల చప్పుళ్లు వస్తాయంటే మొదట్లో నేనూ నవ్వాను!

ఇంకోటి, మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే చోటు) మీద లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్యూ లాంటి ఎఫెక్టులు పెట్టి రికార్డు చేస్తున్నారా? అవి ముందుచూపు కోసం శబ్దాన్ని కాసేపు పట్టి ఉంచుతాయి, వాటితో బఫర్ ఎంత తగ్గించినా ఆలస్యం పోదు. మిక్సింగ్ అప్పుడు పెట్టుకోండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ అయితే ఇవేవీ మాట్లాడుకోవడమే దండగ, వైరుది తెచ్చుకోండి.

తీగచుట్ట:
రెండో రోగం సంగతి ఎవరూ ఎత్తలేదు. డ్రైవర్ తన ఆలస్యం ఇంత అని రీపర్‌కి చెప్తుంది, రీపర్ రికార్డు చేసినదాన్ని అంత ఎడమకి, అంటే ముందు సమయానికి, జరిపి సరిపెడుతుంది. డ్రైవర్ చెప్పిన లెక్క తప్పితే ప్రతి టేకూ అంతే దూరం పక్కకి పడుతుంది, వాయించినవాళ్ల తప్పేం లేదు.

కొలవడం తేలికే. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్ నుంచి లైన్ ఇన్‌కి ఒక కేబుల్ పెట్టు. ముందు ఫాంటమ్ పవర్ (ఇంటర్‌ఫేస్ మైకుకి పంపే కరెంటు) ఆపు. డైరెక్ట్ మానిటర్, ట్రాక్ మానిటర్ (ఆ స్పీకర్ బొమ్మ) కూడా ఆపు, లేకపోతే శబ్దం గిరగిరా తిరిగి కూత పెడుతుంది. ఒక ట్రాకులో క్లిక్కులు వేసి వాటినే ఇంకో ట్రాకులోకి రికార్డు చెయ్. బాగా జూమ్ చేస్తే అసలు క్లిక్కుకీ రికార్డయినదానికీ మధ్య ఎన్ని శాంపిళ్లో తెలుస్తుంది. ఆ అంకెని ప్రిఫరెన్సెస్‌లో ఆడియో కింద రికార్డింగ్ పేజీలో ఇన్‌పుట్ మాన్యువల్ ఆఫ్‌సెట్‌లో వేసి మళ్లీ కొలువు, సున్నా దగ్గరికి రావాలి.

పాట మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను జరుగుతుంటే మాత్రం ఇది మందు కాదు. యూఎస్‌బీ మైకుతో రికార్డు చేస్తూ ల్యాప్‌టాప్ సాకెట్లో వినేవాళ్లకి అలా అవుతుంది, రెండిటి గడియారాలూ (శాంపిళ్ల వేగాన్ని నడిపేవి) వేరు కదా.

వీణగది:
అందరికీ థ్యాంక్స్. స్పీకర్ బొమ్మ ఆపగానే అక్క ముఖం వెలిగింది. ఈ రోజు కేబుల్ పెట్టి మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ 412 శాంపిళ్లు ఆలస్యం. అంటే 9 మిల్లీసెకన్ల పైనే. ఆఫ్‌సెట్ వేశాక 0, 1 మధ్య ఉంది. కొత్త టేకులో వీణ మృదంగం మీదే పడుతోంది, అయితే రెండో ఆవర్తంలో తను నిజంగానే కాస్త పరిగెత్తిందట, అది తనే పట్టుకుంది. పాత రికార్డింగులు ఆరు ఉన్నాయి, అవన్నీ మళ్లీ వాయించాలా?

తీగచుట్ట:
అక్కర్లేదు, వీణ ట్రాకుని 412 శాంపిళ్లు ఎడమకి జరుపు. అయితే అప్పుడు వేరే బఫర్‌లోనో 48000లోనో చేసి ఉంటే తేడా ఇంతే ఉండాలని లేదు, ఆ సెట్టింగులు పెట్టి మళ్లీ కొలిచాకే జరుపు.