సాగర్‌లో నీళ్లు తగ్గితే లాంచీలు ఏ మట్టం దాకా నడుస్తాయి?

అందరికీ నమస్కారం. నాగార్జునకొండ మ్యూజియం చూడాలని మా అమ్మకు ఎన్నాళ్ల నుంచో కోరిక. పోయిన వేసవిలో తీసుకెళ్తే, నీళ్లు బాగా తగ్గాయని లాంచీ ఆపేశారు. ఒడ్డున రాళ్ల మీద పాత నీటిమట్టం తెల్లటి చారలా కనిపిస్తోంది, కిందంతా పగుళ్లిచ్చిన ఒండ్రు. అమ్మ మోకాళ్ల నొప్పితోనే మెట్లన్నీ దిగి, మళ్లీ ఎక్కింది. పాపం, ఒక్క మాట అనలేదు.

పూర్తి మట్టం 590 అడుగులని తెలుసు. కొండకు వెళ్లే లాంచీని ఎన్ని అడుగుల దాకా నడుపుతారు? శ్రీశైలం ట్రిప్పుకైతే ఇంకా ఎక్కువ నీళ్లు ఉండాలంటారు, నిజమేనా? ఎగువ నుంచి వరద వచ్చాక, అక్టోబరులో వెళ్తే ఖాయంగా దొరుకుతుందా? ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. ఈసారి అమ్మను ఒడ్డు నుంచే వెనక్కి తీసుకురాలేను.