1954 నాటి గొజిరా (తొలి గాడ్జిల్లా): ఏ ప్రతి చూపించాలి, పిల్లలు భయపడతారా?

పాతరీలు:
మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. కొత్త గాడ్జిల్లాలన్నీ చూసేసి ఇప్పుడు మొట్టమొదటిది కావాలని పట్టుబట్టాడు. 1954 నాటి జపాన్ సినిమా చూపించాలా, అమెరికా వాళ్లు మార్పులు చేసి 1956లో విడుదల చేసిందా? నలుపు తెలుపు సినిమాకు వాడు కూర్చుంటాడా? భయపడతాడా? బ్లూ-రే కొంటే ఇక్కడి ప్లేయర్‌లో ఆడుతుందా? ఆ తర్వాత ఏది చూపించాలి?

తోకదెబ్బ:
జపాన్‌దే. రెండో మాట లేదు. 96 నిమిషాలే. అమెరికా ప్రతిలో రేమండ్ బర్ అనే నటుడిని విలేకరిగా తెచ్చి అతికించారు. అతను మాట్లాడే చాలా చోట్ల ఎదుటి పాత్ర మనకు వీపు చూపిస్తూ నిలబడి ఉంటుంది, ఎందుకో మీకే అర్థమవుతుంది. హైడ్రోజన్ బాంబు ప్రస్తావనలు కూడా బాగా తగ్గించేశారు. 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో పేల్చిన అలాంటి బాంబు బూడిద జపాన్ చేపల పడవ మీద పడింది. నవంబరు 3న ఈ సినిమా వచ్చింది. మొదట్లోనే నావికులు తీరిగ్గా కూర్చుని ఉండగా సముద్రం భగ్గుమంటుంది చూడండి, ఆనాటి ప్రేక్షకులకు అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. అది తీసేస్తే మిగిలేది బల్లి.

డిస్కులపెట్టె:
బ్లూ-రే సంగతి నన్ను అడగండి. 1954 నుంచి 1975 దాకా వచ్చిన 15 గాడ్జిల్లా సినిమాలూ కలిపి 2019లో అమెరికాలో ఒక పెట్టె వచ్చింది. మా బావమరిది బట్టలు తీసేసి మరీ సూట్‌కేసులో మోసుకొచ్చాడు. ప్లేయర్‌లో పెడితే 'ఈ ప్రాంతానికి చెల్లదు' అని ఒక్క ముక్క. అమెరికా, జపాన్ రెండూ 'A' జోన్, మనం 'C' జోన్. ఆ పెట్టె ఏ అలమరాలోనూ పట్టదు. ప్రస్తుతం దాని మీద మా ఆవిడ పూలకుండీ పెట్టింది.

కాంగ్‌వీరుడు:
తర్వాత 1962లో వచ్చిన కింగ్ కాంగ్ పోరు చూపించండి. పైగా రెండు ముగింపులు! జపాన్‌లో గాడ్జిల్లా గెలుస్తుంది, అమెరికాలో కాంగ్. ఎవరి హీరో వాళ్లకు.

తోకదెబ్బ:
అయ్యా, ఈ పుకారుకు అరవై ఏళ్లు. రెండింట్లోనూ ఇద్దరూ సముద్రంలో పడతారు, కాంగ్ ఒక్కడే తేలి ఈదుకుంటూ ఇంటికి పోతాడు.

కాంగ్‌వీరుడు:
మా మామయ్య ఒసాకాలో ఉద్యోగం చేసేటప్పుడు స్వయంగా చూశారు. ఆయన అబద్ధం చెబుతారా?

తోకదెబ్బ:
మీ మామయ్యగారిని నేనేమీ అనలేదు. తేడా శబ్దంలో ఉంది. జపాన్ ప్రతి చివర ఇద్దరి అరుపులూ వినిపిస్తాయి, అమెరికా ప్రతిలో కాంగ్ అరుపు ఒక్కటే. ఆ అరుపును పట్టుకుని గెలుపు దాకా లాగారు.

కాంగ్‌వీరుడు:
అరిచాడంటే గాడ్జిల్లా బతికే ఉన్నాడు కదా! బతికుంటే ఓడినట్టా?

ముడుచుకున్నతాబేలు:
గామెరా అనే రాక్షస తాబేలు పేరు ఎవరూ ఎత్తరు. 1995, 1996, 1999లో కనెకో షూసుకే తీసిన మూడూ చూశాక మాట్లాడండి.

ఫిల్ముడబ్బా:
పిల్లల తగవులు ఆపండి. నేను ముప్ఫై ఏళ్లుగా ఈ సినిమాల సామగ్రి సేకరిస్తున్నాను. గాడ్జిల్లా అంటే ముందు నకజిమా హరువో పేరు చెప్పాలి. తొడుగు వేసుకుని లోపల ఉన్నది ఆయన. తొలి రబ్బరు తొడుగు దాదాపు వంద కిలోలు, బిగుసుకుపోయి నడవనివ్వలేదు. ఇంకొకటి చేశారు. పాతదాన్ని నడుముకు కోసి కాళ్లు మాత్రమే కనిపించే చోట వాడారు. ఏనుగులు, ఎలుగుబంట్లు ఎలా అడుగు వేస్తాయో చూడటానికి ఆయన ఉయెనో జంతు ప్రదర్శనశాలకు వెళ్లేవాడు. కెమెరా వేగం పెంచి తీస్తే తెర మీద ఆ అడుగు బరువుగా, నెమ్మదిగా పడుతుంది. ఇరవై అయిదో వంతు కొలతలో కట్టిన టోక్యో ఆ అడుగు వల్లే ఊరిలా కనిపిస్తుంది. ఈ కంప్యూటర్ బొమ్మలు చూసేవాళ్లకు ఏం తెలుసు?

డిస్కులపెట్టె:
2023లో వచ్చిన దానికి దృశ్య ప్రభావాల ఆస్కార్ కంప్యూటర్ బొమ్మలకే వచ్చింది, పెద్దాయనా.

ఫిల్ముడబ్బా:
ఆస్కార్ నాకు కొలబద్ద కాదు.

రెక్కలదీపం:
ఒక సందేహం. కాంగ్‌ను 'వాడు' అంటున్నారు, గాడ్జిల్లాను 'అది' అంటున్నారు, ఒక్కోసారి 'బతికే ఉన్నాడు' అంటున్నారు. రాక్షస చిమ్మట మోత్రాను మాత్రం నేను 'ఆవిడ' అనే అంటాను. గుడ్డు పెట్టిన తల్లి. 1961 సినిమాలో జంట గాయనులు ఇండోనేసియా మాటలతో పాడి పిలుస్తారే, ఆ పాటకు మా అమ్మ వంటింట్లోంచి వచ్చి 'ఇదేం దేవత పాటే' అని అడిగింది.

కాంగ్‌వీరుడు:
మామయ్యకు ఫోను చేశాను. అరుపు సంగతి గుర్తు లేదట. కానీ గాడ్జిల్లాయే గెలిచిందట.

తోకదెబ్బ:
దండం.

ముడుచుకున్నతాబేలు:
గామెరా.

పాతరీలు:
నిన్న రాత్రి జపాన్ ప్రతే చూశాం. గాడ్జిల్లాను చూసి వాడు భయపడలేదు. గోడ పక్కన పిల్లలను పొదువుకుని కూర్చున్న ఒక తల్లి, 'ఇప్పుడే నాన్న దగ్గరికి వెళ్లిపోతాం' అంటుంది కదా. అక్కడ ఆపమన్నాడు. వాళ్ల నాన్న ఎక్కడున్నాడని అడిగాడు. చెప్పాను. కాసేపయ్యాక మళ్లీ పెట్టమన్నాడు.

డిస్కులపెట్టె:
సరే గానీ, డిస్కు మీ ప్లేయర్‌లో ఎలా ఆడింది? ఏ ప్లేయర్?