కడప నుంచి ఆగ్నేయాసియా స్టడీస్ వైపు పోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పెన్నా పిల్ల:

అందరికీ నమస్తే. నాది కడప, ఎం.ఏ. హిస్టరీ చివరి సెమిస్టర్. ఇండోనేషియా, కంబోడియా వైపు చరిత్ర మీద పీహెచ్‌డీ చేయాలని బాగా ఉంది. మా సిలబస్‌లో ఆ దేశాలన్నిటికీ కలిపి ఒకటే యూనిట్. అంకోర్ వాట్, బోరోబుదూర్, శ్రీవిజయ, "భారతీయ సంస్కృతి వ్యాప్తి" అని ఒక వ్యాసం ప్రశ్న, అంతటితో సరి. మా సార్‌ని అడిగితే "మంచిదే గానీ గైడ్ ఎవరు దొరుకుతారమ్మా" అన్నారు. మనూళ్లో ఫారిన్ అంటే కువైటే కదా, జావా మీద చదువుతానంటే ఇంట్లో నవ్వుతున్నారు. నాన్నయితే గ్రూప్-2 పుస్తకాలు తెచ్చి టేబుల్ మీద పెట్టేశాడు.

మనకు దగ్గర్లో ఈ సబ్జెక్టు ఉన్న యూనివర్సిటీ ఏది? ఫెలోషిప్‌లు, సెమినార్ల సమాచారం ఎక్కడ చూసుకోవాలి? ఇంకో సంగతి, బాలిలో జరిగే ఒక ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్‌కి అబ్‌స్ట్రాక్ట్ పంపితే మర్నాడే సెలెక్ట్ అయిందని మెయిల్ వచ్చింది, ముందు 300 డాలర్లు కట్టమంటున్నారు. కట్టొచ్చా? గడువు దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

ఏడుకొండల బస్సు:

ముందు ఆ ఆఖరిది. కట్టొద్దు తల్లీ. మర్నాడే సెలెక్ట్ చేశారంటే నువ్వు పంపింది ఎవరూ చదవలేదని. ఆ వెబ్‌సైట్ ఒకసారి నిదానంగా చూడు, ఇంజనీరింగ్, నర్సింగ్, మేనేజ్‌మెంట్, చరిత్ర అన్నీ ఒకే రెండు రోజుల్లో ఒకే హోటల్లో పెట్టి ఉంటారు, కమిటీలో ఉన్నవాళ్ల పేర్లు వెతికితే ఏ యూనివర్సిటీలోనూ దొరకరు. నిజమైన సభలకూ ఫీజు ఉంటుంది, కాదనను, కానీ అక్కడ ఏ ప్యానెల్ ఎవరు నడుపుతున్నారో ముందే తెలుస్తుంది, అబ్‌స్ట్రాక్ట్ చూడటానికి వారాలూ నెలలూ తీసుకుంటారు, విద్యార్థులకు ఫీజు తగ్గిస్తారు. అసోసియేషన్ ఫర్ ఏషియన్ స్టడీస్ వాళ్లు 2014 నుంచి ఆసియా నగరాల్లో ఏఏఎస్-ఇన్-ఏషియా అని సభలు పెడుతున్నారు, 2018లో మన ఢిల్లీలోనే జరిగింది. అలాంటివి చూసుకో. సీవీలో ఒక లైన్ కోసం మీ నాన్న డబ్బులు బాలి సముద్రంలో పోయొద్దు.

ఇక యూనివర్సిటీ అంటావా, తిరుపతి ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ)లో సెంటర్ ఫర్ సౌత్ ఈస్ట్ ఏషియన్ అండ్ పసిఫిక్ స్టడీస్ ఉంది, మన సీమలోనే. చాలామందికి తెలియదు, తిరుపతి అంటే కొండ ఒక్కటే గుర్తొస్తుంది కదా. అక్కడ ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి), రాజకీయాలు, విదేశాంగ సంబంధాల వైపు మొగ్గు ఎక్కువ, ప్రాచీన చరిత్ర అయితే గైడ్‌ని చూసి మాట్లాడుకోవాలి. ఫోన్‌లో కాదు, పొద్దున బస్సెక్కి పోయి లైబ్రరీ చూసి, అక్కడి రీసెర్చ్ స్కాలర్లతో మాట్లాడి రా. దూరం పోగలిగితే ఢిల్లీ జేఎన్‌యూ, బీహార్‌లో నలందా యూనివర్సిటీ.

అనంత ఎండ:

ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి నేనే చెప్తున్నా. మన రాష్ట్రంలో ఈ సబ్జెక్టు పేరుతో లెక్చరర్ పోస్టు పడటం నేనెప్పుడూ చూడలేదు. పడితే హిస్టరీ పేరుతోనే పడుతుంది. యూజీసీ నెట్ పరీక్షలో ఇంటర్నేషనల్ అండ్ ఏరియా స్టడీస్ అని వేరే పేపర్ ఉంది, ఆశపడి అందులోకి దూకొద్దు, హిస్టరీలోనే రాయి. అందులో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, ఆ మాట మీ నాన్న దగ్గర అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. గ్రూప్-2 పుస్తకాలు పక్కన పెట్టొద్దు, రెండిటికీ చరిత్ర కామనే కదా. టాపిక్ జావా అయినా కాంబోజమైనా డిగ్రీ మీద "హిస్టరీ" అని ఉండేటట్టు చూసుకో.

ఎస్సీ కోటాలోనో, భూమిలేని కూలీల కుటుంబం నుంచో వచ్చేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 2022లో ఒక మెలిక పెట్టారు, భారతదేశ చరిత్ర, సంస్కృతి మీద టాపిక్ అయితే బయటి దేశంలో చదవడానికి ఇవ్వరు. మెలిక మంచిదా చెడ్డదా అన్నది వేరే గొడవ. టాపిక్ జావా మీదో సియాం (థాయ్‌లాండ్) మీదో అయితే ఆ అడ్డు తగలదు.

తుంగభద్ర టు కేఎల్:

నాది కర్నూలు, ఉద్యోగం కౌలాలంపూర్‌లో, అకడమిక్ మనిషిని కాను. కాబట్టి ఇక్కడ చూసినది మాత్రం చెప్తా. ఇక్కడి తెలుగువాళ్ల తాతలు ఎక్కువగా విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి కూలికి వచ్చినవాళ్లు, పెరాక్ రాష్ట్రంలో బాగన్ దాతుక్ వైపు తోటల్లో స్థిరపడ్డారు. 1955 నుంచి వీళ్లకు ఒక సంఘం ఉంది, ఉగాది బాగా చేస్తారు, పిల్లలకు తెలుగు నేర్పిస్తారు. స్టేజీ మీద తెలుగు పద్యం చెప్పిన పిల్లోడు కిందికి దిగగానే వాళ్లమ్మతో మలయ్‌లో గొడవ పెట్టుకుంటాడు. చరిత్ర అంటే రాజులూ గుళ్లే కావాలా? ఈ తోటల జనం మీద తెలుగు వచ్చినవాళ్లు చేయాల్సిన పని చాలా ఉంది, ముసలివాళ్లు ఉండగానే చేయాలి.

సెమినార్లకు ఇల్లు కదలక్కర్లేదు. సింగపూర్‌లో ఐసియాస్ యూసఫ్ ఇషాక్ ఇన్‌స్టిట్యూట్ (1968 నాటిది) ఉచిత వెబినార్లు పెడుతుంది, ఎక్కువ నేటి రాజకీయాలే. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు, కాబట్టి పొద్దున కాఫీ టైముకే మొదలవుతాయి. కార్నెల్ యూనివర్సిటీ ఆగ్నేయాసియా విభాగం గాటీ లెక్చర్లు అయితే మనకు రాత్రి పది ప్రాంతం. క్యోటో వాళ్ల సౌత్ ఈస్ట్ ఏషియన్ స్టడీస్ పత్రిక నెట్‌లో మొత్తం ఉచితం.

కైఫీయత్తు మామ:

పాపా, వీళ్లంతా నిన్ను ఢిల్లీకీ సింగపూర్‌కీ పంపిస్తున్నారు, నేను మన కడపలోని ఎర్రముక్కపల్లికి పంపిస్తా. అక్కడి సి.పి. బ్రౌన్ లైబ్రరీలో మెకంజీ కైఫీయత్తుల (ఊరి చరిత్రల) అచ్చు సంపుటాలు ఉన్నాయి, మన జిల్లా ఊళ్లవి. కరణాలు చెప్పగా రాసుకున్నవి. ఏదో ఒక ఊరిది తీసి చూడు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఊరు ఎవరి కాలంలో పాడుబడి మళ్లీ ఎవరి కాలంలో కట్టారు, శాసనం ఏ చేను గట్టున నిలబడి ఉంది, అన్నీ ఉంటాయి. 1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి ఇచ్చేశాక ఇవన్నీ పోగుచేయించిన కుంపిణీ సర్వేయరు కాలిన్ మెకంజీ పేరు నీకు తెలుసు. ఆయన తర్వాత ఎక్కడికి పోయాడో మన పాఠాల్లో ఎవరూ చెప్పరు. జావా పోయాడు!

1811లో డచ్చివాళ్ల చేతిలో ఉన్న జావా మీదికి ఇంగ్లీషు సైన్యం పోతే ఇంజనీరుగా దాని వెంట పోయి, 1813 దాకా అక్కడే ఉన్నాడు. అక్కడి భూమి హక్కులు, శిస్తులు విచారించే కమిషన్‌కి పెద్ద ఆయనే. జావాలోని ప్రంబనాన్ గుళ్లు చూసి ఆయన రాసిన వ్యాసం 1814లో బటావియా (ఇప్పటి జకార్తా)లో అచ్చయింది. ఇక 1812 జూన్‌లో యోగ్యకర్త సుల్తాను కోటను ఇంగ్లీషువాళ్లు దాడి చేసి పట్టుకుని లోపలి గ్రంథాలయాన్ని ఊడ్చేశారు. ఆ పుస్తకాల్లో జావా పాలకుడు రాఫెల్స్‌కి కొన్ని, యోగ్యకర్త రెసిడెంటు క్రాఫర్డ్‌కి కొన్ని, మెకంజీకి కొన్ని పోయాయి. వాటిలో 75 జావా రాతప్రతులను బ్రిటిష్ లైబ్రరీ డిజిటైజ్ చేసి 2019లో అందరికీ చూడటానికి పెట్టింది, కాపీలు ఇండోనేషియాకూ ఇచ్చింది. అసలు పుస్తకాలు మాత్రం లండన్‌లోనే ఉన్నాయి, అది ఎట్లాంటి న్యాయమో నువ్వే తేల్చుకో.

ఇక్కడేమో మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరుల మనుషులు ఊరూరూ తిరిగి కరణాన్ని కూర్చోబెట్టి చెప్పించుకున్నారు, అక్కడేమో కోట పగలగొట్టి తెచ్చారు. సేకరించిన మనిషి ఒకడే. సిద్ధవటం కరణాన్ని అడిగిన ప్రశ్నలే జావా ఊరిపెద్దనూ అడిగాడా, మన దగ్గర శిస్తు గురించి నేర్చుకున్నది అక్కడికి మోసుకుపోయాడా, ఇది అడగడానికి కడపలో ఉండి పాత తెలుగు రాతకోతలు చదవగలిగే మనిషికి ఉన్నంత వీలు ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్నవాడికి ఉండదు. ఎవరినో చూసి బోరోబుదూర్ శిల్పాల మీద ఇంకో థీసిస్ రాస్తే నిన్ను ఎవరు గుర్తుపెట్టుకుంటారు చెప్పు?

భాష నేర్చుకోవాలి, తప్పదు. ముందు ఇండోనేషియన్, రోమన్ లిపిలోనే రాస్తారు కాబట్టి చదవడం త్వరగా పట్టుబడుతుంది. ఇండోనేషియా ప్రభుత్వం దర్మసిస్వా అని ఇస్తుంది, డిగ్రీ ఉండదు, ఏడాది లోపు అక్కడుండి భాషో, బాతిక్ అద్దకమో, గామెలాన్ వాయిద్యమో నేర్చుకోవచ్చు, విమానం ఖర్చు మాత్రం మనదే. పీహెచ్‌డీలో చేరాక సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ ఏషియా రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆసియా విద్యార్థులకిచ్చే ఫెలోషిప్ కూడా చూడు, కొన్ని వారాలు అక్కడి లైబ్రరీలో పనిచేసి చివర్లో గ్రాడ్యుయేట్ ఫోరంలో పేపర్ చదవాలి.

కలమళ్ల రాయి:

మామ చెప్పినదానికి ఒక్క చేర్పు. ప్రాచీన చరిత్రే కావాలనుకుంటే శాసనాల దారి ఉంది. బోర్నియోలో కూతాయి దగ్గర మూలవర్మ అనే రాజు వేయించిన యూప (యజ్ఞస్తంభాల) శాసనాలు సుమారు క్రీ.శ. 400 నాటివి, సంస్కృతంలో, మన దక్షిణాది లిపికి దగ్గరి లిపిలో ఉంటాయి. ఫ్రెంచివాళ్ల ఈఎఫ్‌ఈఓ సంస్థకు పుదుచ్చేరిలో కేంద్రం ఉంది, జకార్తాలోనూ కంబోడియాలోని సియెమ్ రీప్‌లోనూ ఉన్నాయి, ఆంధ్రదేశపు తొలి శాసనాలన్నీ ఒక చోట చేర్చి ఆన్‌లైన్‌లో పెట్టింది వాళ్లే. పాత తెలుగు శాసనం ఉన్న కలమళ్ల నీకు పక్కనే కదా, లిపి నేర్చుకోవడం అక్కడి నుంచి మొదలుపెట్టు.

పెన్నా పిల్ల:

అందరికీ చాలా థ్యాంక్స్. బాలి వాళ్లకు కట్టలేదు, ఇప్పుడు "ఎర్లీ బర్డ్ ఆఫర్" అని ఫీజు తగ్గించి మళ్లీ మెయిల్ పెట్టారు, దాంతో అనుమానం కూడా తీరింది. జేఆర్‌ఎఫ్ మాట చెప్పగానే నాన్న "నెలనెలా ఇస్తారా" అన్నాడు, అంతవరకు వచ్చింది. మామా, మెకంజీ మీద ఇప్పుడే చిన్న పేపర్ రాయాలంటే ఎక్కడ చదవొచ్చు? ఎం.ఏ. పిల్లల్ని రానిస్తారా?

కైఫీయత్తు మామ:

ఎం.ఏ. పిల్లలకు నిబంధన ఏముందో ముందు కనుక్కో. ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్‌లో ముందు చదువు, మనవాళ్లే ఉంటారు, తెలుగులో తిడతారు, మేలే జరుగుతుంది. తర్వాత ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్, మామూలుగా డిసెంబర్ చివర్లో జరుగుతుంది, అందులో భారతదేశం కాక ఇతర దేశాల చరిత్రకు ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది, దానికి పంపు. సభ్యత్వం కట్టాలి, పేపర్ గడువు సభకు చాలా ముందే అయిపోతుంది. మొదటి పేపర్లో జావా మొత్తం పెట్టుకోవద్దు, ప్రంబనాన్ వ్యాసం ఒకటి, మన కైఫీయత్తులు ఓ రెండు మూడు పక్కన పెట్టుకుని రాయి. సిద్ధవటం తాలూకావి తీసుకుంటే ఊళ్లు పోయి చూసి రావడానికీ వీలుగా ఉంటుంది.