చదువు రాని తల్లిదండ్రులను పిల్లల అభ్యసనంలో ఎలా భాగం చేయాలి?

ప్రశ్న (ఉపాధ్యాయిని, దేవరకొండ ప్రాంతం)

అందరికీ నమస్కారం. దేవరకొండ దగ్గర ఒక తండాలోని ప్రాథమిక పాఠశాలలో నేను రెండు, మూడు తరగతులకు చెబుతున్నాను. 2022లో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పే ప్రభుత్వ కార్యక్రమం ‘తొలిమెట్టు’ మొదలైనప్పటి నుంచి చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియల మీద రోజూ కృత్యాలు చేయిస్తున్నాం. బడిలో ఉన్నంతసేపు పిల్లలు చక్కగానే చేస్తారు గానీ, దసరా తర్వాత పత్తి ఏరడం మొదలైతే ఇంటి దగ్గర వారిని పట్టించుకునే వారే ఉండరు. మొన్న సమావేశానికి కబురు పంపితే 26 మందికి గాను నలుగురు వచ్చారు. అందులో ఒక తల్లి, "మాకు సదువు రాదు మేడం, మీరే కొట్టి చెప్పుండ్రి" అని వెళ్లిపోయింది. ఆ మాట నన్ను వదలడం లేదు. అక్షరం రాని తల్లికి కూడా తన బిడ్డ చదువులో చోటు ఉండాలంటే ఏం చేయాలో, మీ బడుల్లో చేసి చూసినవి చెప్పగలరా?

జవాబు (ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్ జిల్లా)

మేడం, ముందుగా సమావేశం వేళ మార్చండి. మధ్యాహ్నం మూడింటికి రమ్మంటే వారికి ఒక పూట కూలి పోతుంది. మేము రాత్రి ఏడు దాటాక వాడలోకే వెళ్తున్నాం.

ఇక కృత్యం సంగతి. చేను దగ్గర కాంటా పెట్టినప్పుడు ఎన్ని కిలోలు తూగిందో ప్రతి తల్లికీ నోటికే గుర్తుంటుంది. పిల్లలు రాత్రి అమ్మను అడిగి ఆ అంకె రాసుకొస్తారు, మేము వాటితో కూడికలు, తీసివేతలు చేయిస్తాం. ఒకసారి మూడో తరగతి అమ్మాయి 42ను 24గా రాసింది. 42, 37, 40 కలిపితే 119 రావాలి, ఆమెకు 101 వచ్చింది. ఇంటికి వెళ్లి ఆ మొత్తం చదివి వినిపిస్తే, సంతకం కూడా చేయలేని ఆ తల్లి, "నా పద్దెనిమిది కిలోలు ఎటువోయినయి బిడ్డా?" అని అడిగిందట. మర్నాడు ఆ పాప పుల్లలను పదేసి కట్టలుగా కట్టి, నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టి తన తప్పు తానే దిద్దుకుంది. స్థాన విలువను అంత గట్టిగా నేను ఏనాడూ చెప్పలేకపోయాను. అయితే ఈ పేరుతో పిల్లలు చేనుకు వెళ్లకుండా చూసుకోవాలి. అంకె మాత్రమే బడికి రావాలి.

జవాబు (ఒక తల్లి, నల్లగొండ)

నేను మా బడి యాజమాన్య కమిటీలో ఉన్నాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. ఉన్నాము కూడా, కానీ చాలాకాలం మమ్మల్ని పిలిచింది సంతకాలకే. లేదంటే పిల్లవాడు అల్లరి చేస్తున్నాడని చెప్పడానికి. ఏదైనా నేర్పమని పిలిచిన రోజు మాత్రం మేమందరం వెళ్లాం. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని బియ్యం కొలిచి చూపిస్తే, సగం, పావు అంటే ఏమిటో పిల్లలకు అక్కడికక్కడే తెలిసింది. పిలిచే కారణం మార్చండి మేడం, తప్పకుండా వస్తారు.

జవాబు (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు)

రాత్రి సమావేశం విషయంలో నాకు కొంత సందేహం ఉంది. ఆ వేళ ఆడవాళ్లు పొయ్యి దగ్గర ఉంటారు, కాబట్టి వచ్చేది మగవాళ్లే. నేనైతే పొద్దున బడి గంటకు ముందు పది నిమిషాలు మాట్లాడేవాడిని. తండా పిల్లల ఇంటి భాష గోర్‌బోలి, దానికి సొంత లిపి లేదు. అవ్వలు చెప్పే కథలను తెలుగు లిపిలో బోర్డు మీద రాసి చదివిస్తే, అర్థం ముందే తెలిసిన మాటలు కనుక పిల్లలు అక్షరాలను తొందరగా పట్టుకుంటారు. తల్లిదండ్రులు వలస పోయి, ముసలివారి దగ్గర ఉండే పిల్లలకు ఇది మరీ అవసరం. వారానికి ఒక్కటి చాలు. రోజూ ఇంటికి పని పంపితే అది అమ్మకు ఇంకో చాకిరీ అవుతుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. కిలోల లెక్క సోమవారం నుంచి మొదలుపెడతాను. మా తరగతిలో ఇద్దరు పిల్లల అమ్మానాన్నలు పుణెలో పనిలో ఉన్నారు. వారి అవ్వను ఈ రోజే కలిసి కథ చెప్పడానికి రమ్మన్నాను. శుక్రవారం పొద్దున, మేకలను తోలుకుపోయే ముందు వస్తానంది.