గట్టి షేవింగ్ సబ్బు, బోరు నీళ్ళు: నురగ నిలవడం లేదు

నరసన్నపేట బోరు:
అందరికీ నమస్కారం. పాత పద్ధతిలో చేసిన గుండ్రటి షేవింగ్ సబ్బు బిళ్ళ వాడుతున్నాను. బాగా గట్టి రకం. రేపర్ మీద మొదట సోడియం ట్యాలోవేట్, తర్వాత పొటాషియం స్టియరేట్, సోడియం కోకోయేట్, గ్లిజరిన్ అని ఉంది. పంది వెంట్రుకల బ్రష్షు తడిపి, బిళ్ళ మీద ఓ పదిహేను సెకన్లు తిప్పి, స్టీలు గిన్నెలో గిలక్కొడితే మొదట్లో బోలెడంత నురగ లేస్తుంది. రెండో చెంపకి వచ్చేసరికి పెద్ద పెద్ద బుడగలై చప్పబడిపోతుంది. గిన్నె అంచుకి తెల్లటి పలుకులు అంటుకుని ఉంటాయి. ట్యూబు క్రీముతో ఈ బాధ లేదు. మాది బోరు నీరు, టీడీఎస్ మీటరు 780 చూపిస్తోంది. తప్పు సబ్బుదా, నీళ్ళదా, నా చేతిదా?

చీపురుపల్లి మాస్టారు:
ఆ తెల్ల పలుకులే జవాబు చెప్తున్నాయండి. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. అవి సబ్బుతో కలిసి నీళ్ళలో కరగని ముద్ద అవుతాయి. అది నురగ లేపదు సరికదా, లేచిన బుడగల పొరని కూడా చిట్లగొడుతుంది. అందుకే మొదట బాగా లేచి తర్వాత కూలిపోతోంది.

టీడీఎస్ అంకె చూసి మాత్రం తీర్మానించకండి. ఆ మీటరు కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా కడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో మామూలు ఉప్పు వల్ల కూడా అది పెరుగుతుంది. మనకి కావలసింది కాఠిన్యం, అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయన్నది. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్ళే సబ్బుకి పనికిరాకపోవచ్చు.

ఇంట్లో తేల్చుకోవడం సులువు. మూతలున్న రెండు చిన్న సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో బోరు నీరు, రెండోదాంట్లో ఆర్‌ఓ టిన్ను నీరు, సగం సగం. ఆ షేవింగ్ సబ్బే బియ్యపు గింజంత గీకి రెండిటిలో వేసి, కరిగేదాకా ఉంచి, అర నిమిషం గట్టిగా ఊపండి. ఆర్‌ఓ సీసాలో నురగ నిలిచి కింద నీరు కాస్త తేటగా ఉండి, బోరు సీసాలో నీరు పాలరంగుకి తిరిగి పైన తెట్టు కట్టిందంటే దోషం నీళ్ళదే.

అప్పుడు మూడు దారులు. షేవింగుకి మొత్తం కలిపి ఒక గ్లాసు నీరు చాలు కాబట్టి ఆ టిన్ను నీళ్ళే వాడటం అన్నిటికన్నా తేలిక. వాన నీరు కూడా మంచిదే, కాకపోతే డాబా మీంచి వచ్చే మొదటి వాన వదిలీండి. హిరమండలం నుంచి వచ్చే వంశధార కుళాయి నీళ్ళు అందే ఊళ్ళో ఉంటే అవి పట్టి చూడండి, ఏటి నీరు మామూలుగా బోరు కన్నా మెత్తన.

రెండోది మరగబెట్టడం. బైకార్బొనేటు వల్ల వచ్చిన కాఠిన్యమైతే గిన్నె అడుగున తెల్లగా పేరుకుపోతుంది. చల్లార్చి పై తేట వంపుకోవాలి. సల్ఫేటు, క్లోరైడు వల్ల వచ్చిందైతే ఎంత మరిగినా పోదు.

మూడోది కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). లీటరు బోరు నీటికి అర గ్రాము, మహా అయితే ఒక గ్రాము లోపు. అది కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. ఎక్కువైతే ఆ పులుపుకి సబ్బే విరిగిపోయి పలుకులు కడుతుంది. ఆర్‌ఓ నీళ్ళలో అసలు వేయకండి. బోరు నీళ్ళలో ఆ పులుపుని విరిచే బైకార్బొనేటు ఉంటుంది, ఆర్‌ఓలో దాదాపు ఉండదు, అందుకని పులుపంతా సబ్బు మీదే పడుతుంది. బట్టల సోడా కూడా నీటిని మెత్తబరుస్తుంది గానీ చర్మానికి మంట, ముఖానికి వద్దు.

బొబ్బిలి కోట దారి:
మాస్టారు చెప్పిన రసాయనం సరైనదే. కానీ లెక్క వేస్తే అసలు లోటు సబ్బు పరిమాణంలో కనిపిస్తుంది. 1 మిల్లీగ్రాము కాఠిన్యం సుమారు 6 మిల్లీగ్రాముల సబ్బుని చెడగొడుతుంది. మీ నీటి కాఠిన్యం లీటరుకు 400 మిల్లీగ్రాములు అనుకుందాం. ఒక షేవుకి బ్రష్షులోను, గిన్నెలోను కలిపి 20 మిల్లీలీటర్లు వాడితే అందులో కాఠిన్యం 8 మిల్లీగ్రాములు, పాడయ్యే సబ్బు 50 మిల్లీగ్రాముల లోపు. బ్రష్షుకి గ్రాము సబ్బు ఎక్కితే ఇది పెద్ద నష్టం కాదు. 150 మిల్లీగ్రాములే ఎక్కితే మూడో వంతు పోయినట్టే, పైగా ఆ ముద్ద మిగతా నురగని కూలుస్తుంది. ఎండిన గట్టి బిళ్ళ మీద పదిహేను సెకన్లంటే ఎక్కేది చాలా తక్కువ.

ఈ రకం బిళ్ళలో సోడియం సబ్బు వాటా ఎక్కువ. పొటాషియం సబ్బు చల్లటి నీళ్ళలో కూడా వేగంగా కరుగుతుంది, సోడియంది మొండికేస్తుంది. ట్యూబు క్రీములో ఉండేది ముఖ్యంగా పొటాషియం సబ్బే, అదీ ముందే నీళ్ళు కలిపి మెత్తగా చేసింది, అందుకే మీకు అక్కడ తేడా తెలియలేదు.

ఇలా చేయండి. బిళ్ళ మీద ఒక టీస్పూను గోరువెచ్చటి నీళ్ళు పోసి అయిదు నిమిషాలు వదిలీండి. కొత్త బిళ్ళ, లేదా ఏళ్ళ తరబడి ఎండి బీటలిచ్చిందైతే పది నిమిషాలు. వేలితో రుద్దితే పైపొర జిగటగా జారాలి. ఆ నీళ్ళు పారబోయకండి, గెడ్డానికి రాసుకోండి. ఈలోగా బ్రష్షు నానుతుంది. నానాక పిండీకండి, రెండుసార్లు విదిలిస్తే చాలు. ఇప్పుడు బిళ్ళ మీద నిమిషం పాటు, కొనలు మాత్రమే విచ్చుకునేలా తేలికగా నొక్కి తిప్పండి. ముందు వచ్చే పల్చటి బుడగలు చూసి ఆపేస్తారు చాలామంది, తప్పంతా అక్కడే. బుడగలు పోయి చిక్కటి పేస్టు వచ్చి, బిళ్ళ మీద వెంట్రుకల గీతలు పడుతుంటే అప్పటికి సరిపడా ఎక్కినట్టు.

తర్వాత గిన్నెలో గానీ ముఖం మీద గానీ నీళ్ళు అర టీస్పూను చొప్పున కలుపుతూ, కలిపిన ప్రతిసారీ ఇరవై చుట్లు తిప్పండి. ఈ రకం సబ్బు నీళ్ళు ఎక్కువే తాగుతుంది, అయిదారు విడతలు పడుతుంది. నురగ మెరుపు లేకుండా సున్నంలా ఉండి చెంప మీద నిమిషంలో ఎండిపోతే నీరు చాలలేదు. బుడగలు కంటికి కనిపించి కిందికి జారుతుంటే నీరు ఎక్కువైంది, దాన్ని ఇంకా గిలక్కొట్టి లాభం లేదు, బ్రష్షు మళ్ళీ బిళ్ళ మీద పెట్టాల్సిందే. నురగ నిగనిగలాడుతూ, బ్రష్షు ఎత్తితే దాని కొన వంగి, రెండు వేళ్ళ మధ్య రాస్తే జారిపోతే ఆపండి.

బరువు చూసుకోవాలంటే పొడి బిళ్ళని చిన్న తూకం మీద పెట్టి, పది షేవుల తర్వాత బాగా ఆరబెట్టి మళ్ళీ తూచండి. తేడాని పదితో భాగిస్తే ఒక్కోసారికి ఎంత ఎక్కుతోందో తెలుస్తుంది. అర గ్రాము లోపు ఉంటే అదే మీ జబ్బు.

నరసన్నపేట బోరు:
ధన్యవాదాలు. సీసా పరీక్ష చేశాను. ఆర్‌ఓ నీళ్ళలో నురగ అలాగే ఉంది, బోరు సీసాలో తెట్టు కట్టింది. ఇంకో రెండు సందేహాలు. మా ఇంట్లో వర్షాకాలం నీళ్ళకి పటిక తిప్పి తేర్చుతారు, ఆ నీళ్ళు వాడొచ్చా? ఇప్పటికే బ్రష్షు వెంట్రుకల మొదళ్ళు జిడ్డుగా, గట్టిగా ఉన్నాయి, కొత్తది కొనాలా?

ఆమదాలవలస ప్యాసింజర్:
పటిక నీళ్ళు వద్దండి. పటికలోని అల్యూమినియం కూడా కాల్షియం లాగే సబ్బుని పట్టి కరగని ముద్ద చేస్తుంది. తేటగా ఉన్నంత మాత్రాన మెత్తటి నీరు కాదు. షేవుకి ముందు ముఖానికి పటిక రాయడం కూడా మానాలి, అది చివర్లోనే. అలాగే తలకి నూనె పెట్టుకుని అదే చేత్తో గెడ్డం తడిపితే ఏ సబ్బూ నిలవదు, ముందు ముఖం శుభ్రంగా కడగాలి. ఫ్యాను కింద షేవింగు చేస్తుంటే ఆపండి. గాలికి నురగ ఎండిపోతుంటే సబ్బు బాగోలేదనుకుంటారు.

బ్రష్షు కొనక్కర్లేదు. ఆ జిడ్డు కాల్షియం ముద్దే. ఒక వంతు తెల్ల వెనిగరుకి పది వంతుల గోరువెచ్చటి నీళ్ళు కలిపి, వెంట్రుకలు మాత్రమే మునిగేలా అయిదు నిమిషాలు ఉంచండి. పిడిలోకి నీరు దిగితే వెంట్రుకల్ని పట్టి ఉంచే జిగురు ఊడుతుంది. తర్వాత అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి అరచేతిలో రుద్ది, ఆర్‌ఓ నీళ్ళతో కడిగీండి. పంది వెంట్రుక కొత్తలో నురగని మింగేస్తుంది, వాడగా వాడగా కొనలు చీలి మెత్తబడుతుంది. అంతవరకు బిళ్ళ మీద ఇంకో పావు నిమిషం తిప్పండి. వానల్లో బిళ్ళకి మూత వేసి ఉంచకండి. అడుగున నీరు నిలిస్తే మెత్తబడి గిన్నెలో తిరుగుతుంది, బ్రష్షుకి సబ్బు ఎక్కదు. షేవ్ అయ్యాక గిన్నె ఓరగా పెట్టి నీరు ఒడిసిపోనిచ్చి గాలికి వదలండి.